వంకర మహారాజావారి గద్దీ

నేను ఇరవై ఏడో ఏట రిటైరయ్యాను. ఈ మాట వినగానే అందరూ నవ్వుతారు. మా నాన్న కూడా నవ్వారు, కాకపోతే ఆయన ఆనందం పట్టలేక నవ్వారు. మోటారు బళ్ళ సీట్లకు గిలాఫులు, అంటే తొడుగులు, కుట్టే పని మానేసి, ఒక సర్కారీ ఆఫీసులో కాగితాలకు ట్యాగులు కట్టే పనిలో చేరాను. అప్పటిదాకా కూర్చునేవాళ్ళ కొలతలు తీస్తూ బతికిన మిషనరీ బడి పంతులుగారి కొడుకు ఎట్టకేలకు తానే కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీకి గిలాఫు లేదు. దాని గురించి ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను.

మా పాత దుకాణంలో నా తర్వాత చేరిన పనివాళ్ళు ఇద్దరు మొన్న చిలకలగూడలో మా ఇంటికి వచ్చారు. "అన్నా, నువ్వు గద్దీల కింద ఏందో రాస్తుంటివంట, మిలిట్రీవాళ్ళు బొల్లారం పట్కపోయిన్రంట, నిజమేనా?" అని అడిగారు. వాళ్ళు విన్న కథలో నేను తుపాకులకు ఎదురు నిలబడి ఉపన్యాసం ఇచ్చానట. ఆ రోజు నేను నిలబడిన మాట నిజమే. ఒక బొగ్గు బస్తాకు ఆనుకుని నిలబడ్డాను. బస్తా లేకపోతే ఆ మాట కూడా అబద్ధమయ్యేది. తమ్ముళ్ళూ, ఉపన్యాసం లేని కథ ఇది. మీకోసం రాస్తున్నాను.

దుకాణం స్టేషనుకు పోయే దారిలో ఒక సందు మొగలో ఉండేదని మీకు తెలుసు. ఆ రోజుల్లో యజమానీ మేస్త్రీ అన్నీ మా ఉస్తాదే. అరవై ఏళ్ళ మనిషి, తెల్లగడ్డం, నల్లటోపీ, పెదాల మధ్య ఎప్పుడూ రెండు దబ్బనాలు. అందుకని తక్కువ మాట్లాడేవాడు. బండి ఏదైనా రానివ్వండి, పాత గిలాఫు విప్పేముందు నన్ను దాని ముందు కూర్చోబెట్టి, "చదువు బేటా" అనేవాడు.

"కుడి జేబుల తాళంచెవుల గుత్తి పెట్టుకుంటడు ఉస్తాద్."

"ఇంక?"

"ఎడమ చేత్తోని బీడీ తాగుతడు. ఇగో, నిప్పురవ్వల మచ్చలు."

"ఇంక?"

"ఇంకేముంది, మనిషి బరువున్నడు."

"బరువు కాదు. ఇంట్ల బీబీతోని కొట్లాట. ఒక్కతీరుగ కూసుంటలేడు. చూడు, కుట్లన్ని పిగిలినయ్."

వారం తిరక్కుండా తెలిసింది, ఆ పెద్దమనిషికి ఉన్నది కొట్లాట కాదు, గజ్జి. ఉస్తాదు చదివినా ఒక్కొక్కసారి తప్పేదన్నమాట. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. బొల్లారంలో నాకు సరిగ్గా అవసరం లేని సమయంలో గుర్తొచ్చింది.

కొత్త గద్దీకి, అంటే సీటు మెత్తకు, కొలత తీసే పద్ధతి కూడా ఆయనదే. టేపు బండికి, మనిషికి తడి ఇసుక. ఒక గోతాంలో తడి ఇసుక నింపి నేల మీద పరిచి, దాని మీద బండి నడిపేవాణ్ణి కూర్చోబెట్టేవాడు. లేచాక ఇసుకలో పడ్డ గుంటను అరచేత్తో తడిమి, ఎక్కడ కొబ్బరిపీచు ఎక్కువ నింపాలో, ఎక్కడ తగ్గించాలో చెప్పేవాడు. కారు యజమానులు దీనికి ఒప్పుకునేవాళ్ళు కాదు. తడిసిన లాగుతో సికింద్రాబాదు బజారులో నడవడానికి డ్రైవర్లకే ధైర్యం ఉండేది.

ఇక నా వాటా. ఏ గిలాఫు ఏ బండిదో కలిసిపోకుండా దాని లోపలివైపు గుర్తు రాయడం నా పని. నాలుకతో తడిపితే ఊదారంగు తేలే పెన్సిలుతో రాస్తే అది ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. ఉస్తాదుకు తెలుగు చదవడం రాదు. చదవడం రాని యజమాని, చెరిగిపోని పెన్సిలు, ఇరవై ఒక్క ఏళ్ళ నోటిదురుసు, ఈ మూడూ ఒకచోట చేరితే ఏమవుతుంది? బండి నంబరు రాయవలసిన చోట నేను కవిత్వం రాసేవాణ్ణి. ఒక డాక్టరుగారి కారు గిలాఫు లోపల, "నెమ్మదిగా కూర్చోండి, తర్వాతి రోగి మీరే" అని ఉంటుంది. ఆయన ఇప్పటికీ దాని మీదే తిరుగుతున్నాడు.

నలభై ఎనిమిది ఎండాకాలం మొదట్లో ఒక పికప్ బండి వచ్చింది. బోయిన్‌పల్లి తోటల నుంచి కూరగాయలు తెచ్చే ఒక సేటుది. నడిపేవాడు ఆ తోటల వైపు మనిషే, ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. చిన్నప్పుడు బండి మీదినుంచి పడి ఎడమ తుంటి చిక్కిపోయింది. నడిస్తే తెలిసేది కాదు గానీ, కూర్చుంటే ఎడమకు ఒరిగేవాడు. పదేళ్ళుగా అలా ఒరిగి బండి నడిపి వెన్ను పట్టేసిందట.

"సేటు గిలాఫులు కుట్టియ్యమన్నడు. నాకు గిలాఫుతోని పనిలేదు ఉస్తాద్. నన్ను సక్కగ కూసోబెట్టు" అన్నాడు.

ఉస్తాదు ఇసుక గోతాం పరిచాడు. లేచాక చూస్తే కుడివైపు గుంట, ఎడమవైపు అంతకంటే పెద్ద గుంట. ఉస్తాదు దానిలో వేళ్ళు పెట్టి చూసి, "ఎడమ దిక్కు రెండు వేళ్ళ ఎత్తు లేపాలె" అన్నాడు.

అప్పటికే యూనియన్ సరిహద్దు అవతలి నుంచి సరుకు రావడం ఆగిపోయింది. పెట్రోలు లేదు, ఉప్పు కరువు, రెక్సిను మాట అడిగితే దుకాణదార్లు నవ్వేవాళ్ళు. బట్ట కోసం నేనూ డ్రైవరూ కలిసి బజారంతా తిరిగాం. చివరికి ఒక డేరాల వ్యాపారి దగ్గర ఆకుపచ్చ కాన్వాసు దొరికింది. మా డ్రైవరు దాన్ని గిల్లి చూడలేదు, వెలుగులోకి పట్టి చూడలేదు. నాలుగు మడతలు వేసి దుకాణం మెట్టు మీద పరిచి, దాని మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. కొంతసేపటికి వ్యాపారి గల్లా పెట్టె మీదినుంచి వంగి చూశాడు.

"ఏందయ్యా, బట్ట కొంటానికొచ్చినవా, గుడ్లు పొదుగుతానికొచ్చినవా?"

"జెర ఆగు సేట్. వేడి పుడుతదా లేదా సూడొద్దా? పొద్దుందాక కూసునేటోణ్ణి నేను. నువ్వు కాదు."

"నేను పొద్దుందాక నిలవడుతున్ననా మరి?"

"నీకు మెత్త ఉన్నదిగా, దేవుడే పెట్టిండు."

వ్యాపారి తన వెనక్కి తాను చూసుకుని, నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక గజం కర్ర తీశాడు. నాకు ఆ మనిషి నచ్చాడు. నాకంటే ముందు జోకు వేసేవాళ్ళు నాకు సాధారణంగా నచ్చరు.

ముందు సీటును రెండు ముక్కలు చేశాం: డ్రైవరు గద్దీ, పక్క గద్దీ. వెనక ఆనుకునే పలకకు కూడా అదే కాన్వాసు. గిలాఫు బిగించే రోజున ఉస్తాదు లాగి పట్టుకుంటే నేను దబ్బనంతో కింద సుతిలి తాడు కుట్లు వేశాను. దానికి ముందే నా గుర్తు రాసేశాను: "వంకర మహారాజావారి గద్దీ. ఎడమవైపు రెండు వేళ్ళు ఎత్తు. ఇతరులు కూర్చోరాదు." రాసింది డ్రైవరు చూశాడు. కూడబలుక్కుని చదివాడు. ఒక్క నిమిషం నా ముఖంలోకి చూసి, "మహారాజు అన్నవు గదా, పో, మాఫ్" అన్నాడు. ఎక్కి కూర్చున్నాడు. నిటారుగా. స్టీరింగు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "అరె, రోడ్డు ఇంత సక్కగుంటదా" అన్నాడు.

వానలు పడేవేళకు ఊరు మారిపోయింది. ఒంటి మీద ఖాకీ, చేతిలో తుపాకీ, వెనక సర్కారు అండ ఉన్న వలంటీర్లు దండులు దండులుగా తిరిగేవాళ్ళు. గుసగుసలాడినా వినపడుతుందని జనం కళ్ళతో మాట్లాడుకునేవాళ్ళు. ఊళ్ళు తగలబడుతున్నాయని బస్తీలోకి వచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు. నాన్న ప్రార్థన రోజురోజుకూ పొడుగయ్యేది. ఆకలి మీద ఉన్నప్పుడు పొడుగు ప్రార్థన కష్టమే గానీ, ఆ రోజుల్లో "ఆమెన్" అని ముందు అనడానికి నాకు నోరు రాలేదు.

ఒకరోజు కూరగాయల సేటు సంసారంతో సహా ఊరు విడిచి వెళ్ళిపోయాడని తెలిసింది. ఆ మరునాడో, ఆ తర్వాతి రోజో పికప్ బండిని వలంటీర్లు తీసుకుపోయారు. డ్రైవరుతో సహా. ఆయన భార్య మూడు రోజులకోసారి మా దుకాణం ముందుకు వచ్చి నిలబడేది. లోపలికి వచ్చేది కాదు.

"అన్నా, బండి గిట్ల మరమ్మత్తుకొచ్చిందా?"

"రాలేదక్కా."

"గద్దీ గిట్ల పిగిలితే మీ తానికే వస్తడు గదా?"

"మా తానికే వస్తడు."

గద్దీ త్వరగా పిగలాలని ప్రార్థించిన గిలాఫు పనివాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

బండి ఒకసారి కనిపించింది. పట్టపగలు మా సందు ముందునుంచే పోయింది. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. డ్రైవరు పక్కన ఒకడు కూర్చున్నాడు. మా డ్రైవరు నిటారుగా కూర్చుని, అద్దంలోంచి నేరుగా ముందుకు చూస్తున్నాడు. మేం రెండు వేళ్ళు లేపిన గద్దీ పని చేస్తోంది. నేను చెయ్యి ఎత్తబోయాను. ఉస్తాదు నా మణికట్టు పట్టి కిందికి దించాడు. దబ్బనాలు నోట్లోంచి తీసి, తలుపు రెక్క మూశాడు. మధ్యాహ్నం పూట ఆయన తలుపు మూయడం నేను అదే చూడటం.

తర్వాత సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. పోలీసు చర్య అన్నారు. అయిదు రోజుల్లో అంతా ముగిసిందని రేడియోలో చెప్పారు. ముగిసింది ఒక భయమే. వీథి ఇటువైపు తీసిన తలుపులు అటువైపు మూసుకున్నాయి. నిన్నటిదాకా మేం నడవడానికి భయపడ్డ సందులో ఇప్పుడు ఉస్తాదు నడవడానికి భయపడ్డాడు. టోపీ తీసి ఇంట్లో కూర్చున్నాడు. ఆయన బట్టతల నేను అప్పుడే మొదటిసారి చూశాను.

నేనే దుకాణం తెరిచేవాణ్ణి. పని ఏమీ లేదు. ఒక ఉదయం మిలిటరీ జీపు వచ్చి ఆగింది. ఒక ఆఫీసరు, ఆయన వెంట కోస్తా నుంచి వచ్చిన తెలుగు హవల్దారు దిగారు. హవల్దారు చేతిలో బురద కొట్టిన ఆకుపచ్చ గిలాఫు ఉంది. అంచుకు మా దుకాణం పేరున్న గుడ్డముక్క వేలాడుతోంది.

"ఇది మీ కొట్లో కుట్టిందేనా?"

"అవునండి."

"లోపల రాసిందెవరు?"

పక్కన ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాను. కుట్టు మిషను ఉంది. "నేనేనండి" అన్నాను.

హవల్దారు గిలాఫు తిరగేసి, వీథికంతా వినపడేలా చదివాడు: "వంకర మహారాజావారి గద్దీ. ఎడమవైపు రెండు వేళ్ళు ఎత్తు. ఇతరులు కూర్చోరాదు." ఆఫీసరుకు హిందుస్తానీలో చెప్పాడు. ఆఫీసరు నవ్వలేదు. నా జోకుకు ఎవరూ నవ్వకపోవడం నాకు కొత్త కాదు గానీ, నడుముకు పిస్తోలు పెట్టుకుని నవ్వకపోవడం కొత్త.

సంగతేమిటంటే, బండి బొల్లారం అవతల ఒక కాలవలో ఒరిగి దొరికింది. ఊళ్ళు తగలబెట్టిన చోట్ల ఆ బండిని చూశామని జనం చెప్పారు. వలంటీర్లు పారిపోయారు, సేటు ఊళ్ళో లేడు. దాన్ని నడిపినవాడు దొరికితే తతిమ్మా అందరూ దొరుకుతారు. ముందు వాడి సంగతి తేల్చాలి.

"ఎవడు ఈ మహారాజు?" అన్నాడు ఆఫీసరు.

చెప్తే ఆ మనిషి పోతాడు. ఆయన ఇష్టపడి నడిపాడో, బలవంతం మీద నడిపాడో ఎవరు వింటారు? తెలియదంటే ఉస్తాదు ఇల్లు ఎక్కడని అడుగుతారు. ఆ రోజుల్లో ఆ ఇంటి ముందు జీపు ఆగడమంటే ఏమిటో చుట్టుపక్కలవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. అప్పుడు నేను చేసిన పని చెబుతాను, మీరు మాత్రం ఎప్పుడూ చేయకండి. తెలివి చూపించాను.

"సార్, రోజూ ఎందరో వస్తారు. ముఖాలు నాకు గుర్తుండవు. మా పని అంతా కూర్చోవడం చుట్టూ కదా. కూర్చుంటే తప్ప మనిషిని పోల్చుకోలేను" అన్నాను.

హవల్దారు తర్జుమా చేశాడు. ఆఫీసరు ముఖంలో మొదటిసారి ఏదో వెలిగింది.

"బహుత్ అచ్ఛా" అన్నాడు. "రోడ్ల మీద పట్టుకున్న డ్రైవర్లు ఆరుగురున్నారు మా దగ్గర. ఎవడూ ఆ బండి నాదనడం లేదు. రేపు పొద్దున కూర్చోబెడతాం. నువ్వు వచ్చి పోల్చు."

ఒక జోకు జీపును దుకాణానికి తెచ్చింది. రెండో జోకు నన్ను బొల్లారం తీసుకుపోతోంది.

మధ్యాహ్నం ఉస్తాదు ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను.

"నేను వస్త బేటా. కుట్టింది నేను, నువ్వు కాదు అంట."

"రాసింది తెలుగుల ఉన్నది ఉస్తాద్. మీకు చదవనీకే రాదు."

"నేర్చుకున్న అంట."

"ఈ వయసులనా? నమ్మరు."

ఆయన నవ్వబోయి ఆగాడు. "ఆడికి పోయినంక మనిషి దిక్కు చూడకు. నీ కండ్లు సిగ్గులేనివి, అన్ని చెప్తయి. గిలాఫు దిక్కు చూడు. కొత్తది వస్తే ఏం చేస్తవో గదే చెయ్యి. చదువు."

"తప్పు చదివితే?"

"నేను చదవలేదా తప్పు? గజ్జోని సంగతి యాదికి లేదా?"

ఇంట్లో నాన్న, "ఏవిట్రా, అబద్ధం చెప్పొద్దు, నిజం చెప్పి ఒకణ్ణి చంపొద్దు" అన్నారు. రెండు వాక్యాల్లో రెండు దారులూ మూసేసి ప్రార్థనకు కూర్చున్నారు.

బొల్లారంలో ఒక మిలిటరీ బ్యారక్ వెనక ఆవరణ. ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఇటుకల మీద డ్రైవరు గద్దీ, పక్క గద్దీ పెట్టి, వెనక పలక గోడకు ఆనించి నిలబెట్టారు. నిన్న తెచ్చిన గిలాఫు మళ్ళీ తొడిగారు, కుట్లు మాత్రం వదిలేశారు. పక్కన బొగ్గు బస్తాల వరస ఉంటే, మొదటి బస్తాను నేను ఆక్రమించుకున్నాను. ఆరుగురు మనుషులు నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నారు. చూడకూడదనుకున్నాను గానీ చూశాను. మా డ్రైవరు అయిదోవాడు. గడ్డం పెరిగి, సగమై ఉన్నాడు. ఆయన నన్ను చూసి తల దించుకున్నాడు. మమ్మల్ని ఇద్దరినీ చూసినవాడెవడైనా ఆ క్షణంలోనే కేసు తేల్చేసేవాడు. అదృష్టవశాత్తు ఆఫీసరు అప్పుడు టీ తాగుతున్నాడు.

ఒక్కొక్కణ్ణి పిలిచి పెళ్ళిచూపుల్లోలాగా కూర్చోబెట్టారు. మొదటివాడు కుడికి ఒరిగాడు. రెండోవాడూ కుడికే. ఎడమవైపు రెండు వేళ్ళు ఎత్తున్న గద్దీ మీద మామూలు మనిషి కూర్చుంటే అంతే. మూడోవాడు ఒక బొగ్గు లారీ డ్రైవరు. నెమ్మదిగా, చాలా జాగ్రత్తగా కూర్చున్నాడు. నిటారుగా కూర్చున్నాడు. గోడకు గీత గీసినట్టు.

ఆఫీసరు కప్పు కింద పెట్టి లేచాడు. ఇద్దరు జవాన్లు ఆ మనిషికి చెరోవైపు వచ్చి నిలబడ్డారు.

"నేను కాదు సాబ్! సెగ్గడ్డ సాబ్! కుడి దిక్కు సెగ్గడ్డ లేసింది, ఆనిస్తలేను సాబ్! సూపిస్త, ఇక్కడనే సూపిస్త!"

ఇంకో రోజు, ఇంకో చోట అయితే నేను ఈ సెగ్గడ్డ మీద పదేళ్ళు బతికేవాణ్ణి. ఆఫీసరు నా వైపు తిరిగాడు.

"వీడేనా?"

కాదంటే మరెవరని అడుగుతాడు. అవునంటే సెగ్గడ్డవాడు పోతాడు. నోరు తెరిచి ఉంచాను, దానంతటదే ఏదైనా బయటికి వస్తుందేమోనని. జీవితంలో మొదటిసారి ఏమీ రాలేదు. బొగ్గు మనిషి నన్నే చూస్తున్నాడు. అతని పెదాలు "సెగ్గడ్డ, సెగ్గడ్డ" అని శబ్దం లేకుండా ఆడుతున్నాయి.

అప్పుడు అయిదోవాడు లేచాడు.

"ఆయన్ని ఇడ్సుండ్రి సాబ్. గా గద్దీ నాది."

వచ్చి కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయినా గద్దీ మరచిపోలేదు. నిటారుగా కూర్చుని, అలవాటు కొద్దీ చేతులు ముందుకు చాచి, స్టీరింగు లేదని గుర్తొచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను చెప్పవలసింది ఆయనే చెప్పాడు. ఇరవై ఒక్క ఏళ్ళు నోరు పెట్టుకుని బతికినవాణ్ణి, ఒక్క మాట కోసం ఇంకొకణ్ణి లేపాను. దీన్ని వైఫల్యం అనే రాసుకోండి, తమ్ముళ్ళూ. అందమైన పేరు వెతకకండి.

జవాన్లు ఆయన భుజాలు పట్టుకున్నారు. అప్పుడు మాత్రం, మనిషి దిక్కు చూడలేక, నేను గిలాఫు దిక్కు చూశాను.

"సార్, ఒక్క నిమిషం. అది ఇంకా చదవలేదు" అన్నాను.

సగం హిందుస్తానీ, సగం తెలుగు. మిగిలింది హవల్దారు అతికించాడు. వెనక పలక దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. డ్రైవరు ఆనుకునే చోటుకు ఎడమ అంచున, పక్కటెముకల ఎత్తులో, వేలు పట్టేంత చిల్లు ఉంది.

"ఇది చిరిగింది కాదు సార్, కోసింది కాదు. అరిగింది. పోగులు చూడండి, అన్నీ ఎడమ నుంచి కుడికి, లోపలికి ఒంగినాయి. చిల్లు చుట్టూ నల్లటి చక్రం. వాసన చూడండి, బండి నూనె కాదు, తుపాకీ నూనె. ఒక్కరోజు పొడిస్తే చిరుగుతుంది. ఇట్ల అరగాలంటే రోజుల తరబడి, రోడ్డు కుదుపుకు కుదుపుకు ఒరుసుకోవాలి." పక్క గద్దీ వైపు జరిగాను. "ఇక్కడ, తలుపు వైపు చివర ఇనుప పట్టీ ఆనిన గీత ఉంది. తుపాకీ మడమ ఇక్కడ, మూతి అక్కడ. డ్రైవరు కాస్త ముందుకు వంగినప్పుడల్లా మూతి ఆయనకూ పలకకూ మధ్య దిగింది. వెనక్కి ఆనితే ఒంట్లో దిగింది."

అంతలో ఉస్తాదు గజ్జి కేసు గుర్తొచ్చింది. అసలే నిజం చెప్పమన్నారు నాన్న. "నేను తప్పు చదివి ఉండవచ్చు సార్" అని కూడా అన్నాను. హవల్దారు ఆ ఒక్క మాట తర్జుమా చేయలేదు. ఆయనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆఫీసరు వంగి చిల్లులో చిటికెనవేలు పెట్టాడు. తీసి వాసన చూశాడు. తర్వాత డ్రైవరుతో, "కమీజు ఎత్తు" అన్నాడు.

ఎడమ పక్కటెముకల మీద, చిల్లు ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తున, రూపాయి బిళ్ళంత పుండు. సగం మాని నల్లబడింది. జవాన్లు మెడలు చాచి చూశారు. సెగ్గడ్డవాడు కూడా.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఆఫీసరు.

"ఎవరడిగిన్రు సాబ్?"

మీరు ఇక్కడ విడుదల ఆశిస్తారు. నేనూ ఆశించాను. మా డ్రైవరును మరికొంతకాలం విచారణలో ఉంచారు. ఆయన చూసినవి, విన్నవి, ఎవరెవరు బండెక్కారో అన్నీ చెప్పించి రాసుకున్నారు. నా గిలాఫు పారాయణం ఆ కాగితాల్లో చేరిందో లేదో తెలియదు. బొగ్గు డ్రైవరును మాత్రం ఆ మధ్యాహ్నమే వదిలేశారు. అతను గేటు దాకా పరుగెత్తలేక, నడవలేక, ఒక పక్కకు ఎగురుతూ వెళ్ళాడు. ఆ ఒక్క దృశ్యానికే నేను ఆ రోజు నవ్వాను. నవ్వు ఆపడానికి హవల్దారు నీళ్ళు ఇవ్వవలసి వచ్చింది.

చలికాలం ముగుస్తుండగా పికప్ బండి మళ్ళీ మా సందు ముందు ఆగింది. సేటు తిరిగి వచ్చాడు, బండిని విడిపించుకున్నాడు, పాత డ్రైవరునే పెట్టుకున్నాడు. ఉస్తాదు టోపీ కూడా తిరిగి నెత్తికెక్కింది. అంతకుముందు రోజే డ్రైవరు భార్య మా దుకాణం లోపలికి మొదటిసారి వచ్చి, గంపెడు వంకాయలు నేల మీద పెట్టి, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయింది. మేం వారం రోజులు వంకాయలే తిన్నాం.

కొత్త గిలాఫులకు కొలతలు మళ్ళీ తీయవలసి వచ్చింది. మనిషి అంత మారిపోయాడు. ఉస్తాదు ఇసుక తడుపుతూ బయట ఉన్నాడు. నేను పాత గిలాఫు విప్పుతున్నాను. డ్రైవరు నా పక్కన గొంతుక్కూర్చుని, ఆ చిల్లులో వేలు పెట్టి తీస్తూ, పెడుతూ ఉన్నాడు.

"నువ్వు సగమే చదివినవ్ పంతులు కొడుకా."

"ఏం సగం అన్నా?"

"తుపాకి గీడ ఉన్నమాట నిజమే. కని రెండు దినాలు వాడు నిద్రపోయిండు. నా పక్కన్నే, నోరు తెరుసుకోని. తుపాకి గద్దీ మీద ఊకెనే పడి ఉండె. ఎనక ఉన్నోళ్ళు సుత కునుకు తీస్తున్రు. బండి ఆపి దునికి ఉరకొచ్చు. ఎదురుంగ తగలవెట్టబొయ్యే ఊరు కనవడుతుండె. నేను ఆపలే." వేలు చిల్లులోంచి తీసేశాడు. "అప్పుడు నా పక్కల ఏం గుచ్చుకుంటలేదు. అయినా ఆపలే. గది గిలాఫు మీద పడలే, నువ్వెట్ల చదువుతవ్?"

పాత గిలాఫును రెండు మడతలు వేసి పక్కన పెట్టాను.

కొత్త కాన్వాసు కత్తిరించి కుట్టాక, బిగించేముందు దాన్ని తిరగేసి పెన్సిలు తీశాను. బండి నంబరు రాయడం మొదలుపెట్టాను. బొల్లారం తర్వాత నంబర్లే రాస్తున్నాను.

"ఏం రాస్తున్నవ్?"

"నంబరన్నా."

"నంబరెందుకు? మునుపటిదే రాయి. మహారాజు, రెండు వేళ్ళు, మొత్తం."

రాశాను.

"కింద ఇంకొక్క మాట. ఈన బండి ఆపలేదు అని రాయి."

"అన్నా, ఎందుకది?"

"గద్దీ మీద పడనిది యాడన్న ఉండాలె గదా. నేనొక్కణ్ణే మొయ్యాల్నా?"

పెన్సిలు మొనను నాలుకతో తడిపి, ఆ మాట రాశాను. నా ఉద్యోగంలో నేను రాసిన గుర్తుల్లో ఎవరూ నవ్వకూడదని రాసింది అదొక్కటే. అక్షరాలు ఊదారంగులోకి తేలేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

ఉస్తాదు తడిచేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, భుజం మీదుగా వంగి చూశాడు. మామూలుకంటే ఒక వరస ఎక్కువ ఉండటం ఆయన కంట పడింది.

"ఏందిది బేటా, ఇంత రాసినవ్?"

డ్రైవరు నా వైపు చూశాడు.

"కొలతే ఉస్తాద్" అన్నాను.

"సరిగ్గ ఉన్నదా?"

"ఆయనే చెప్పిండు."

ఉస్తాదు తలాడించి, గిలాఫు అంచు పట్టుకుని లాగాడు. నేను దబ్బనం ఎక్కించి, ఆ రాత కనపడకుండా కుట్లు వేశాను.